ఎర్రసిరాతో ‘వి’

ఆ వేసవిలో నేను మొట్టమొదట నేర్చుకున్నది మా మామయ్యగారి పుస్తకాల జాబితా చదవడం. ఎనిమిదో తరగతి సగంలో బడి మాన్పించిన తరవాత ఎవరూ నా ముందు ఒక కాగితం పెట్టి ‘చదువు’ అన్నది లేదు. అందుకని ఆయన ఆ పొడుగాటి నోటుపుస్తకం తెరిచి నావైపు తిప్పగానే, పరీక్షకి వచ్చిన పిల్లలా కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాను.

పుస్తకాల పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. పక్కన మాత్రం ఆయన తన గుర్తులు తెలుగులో వేసుకున్నారు. ‘మొ’ అంటే మొదటి ముద్రణ. ‘తో’ అంటే తోలు అట్ట. ‘గు’ అంటే గుడ్డ అట్ట. ‘ప’ అంటే లోపల మడతపెట్టిన పటం ఉందని. ఒక్కొక్కటే చెప్పించుకుని, తప్పు పోకుండా అప్పజెబుతూ రెండు పేజీలు దాటాను. తరవాతి పేజీల్లో నల్లసిరా మధ్య అక్కడక్కడ ఎర్రసిరాతో ఒక అక్షరం కనిపించింది. మొత్తం ముప్ఫై ఒక్కచోట్ల.

“ఈ ఎర్రది ‘వి’ కదూ మామయ్యగారూ? వి అంటే... విలువైనవా?”

ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. చాలాసేపు చూశారు. తరవాత చిన్నగా నవ్వారు.

“అంతే అనుకో” అన్నారు. “రేపట్నుంచి ఆ ముప్ఫై ఒక్కటీ నీవి. పనిమనిషి చేత ముట్టించను. నువ్వే దులపాలి, నువ్వే తుడవాలి.”

ఆ సాయంత్రం మా ఆయన ఉద్యోగాల వేట నుంచి తిరిగొచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతుంటే ఎదురెళ్లి చెప్పాను. “మీ నాన్నగారు విలువైనవన్నీ నా చేతిలోనే పెట్టారండీ.”

అతను తల ఎత్తలేదు. బూటు తాడు ముడి ఎంతకీ రానట్టు దానితోనే కుస్తీ పడుతున్నాడు. “ఊఁ” అన్నాడు. బూటు విప్పి పక్కన పెడుతూ, “చేతులు బాగా కడుక్కుంటూ ఉండు” అన్నాడు.

ఆ తండ్రికి తగ్గ కొడుకే, ఇతనికీ పుస్తకాల మీద ఎంత బెంగో అనుకున్నాను.

మా ఆయన పనిచేసే కంపెనీ ఎండలు మొదలవగానే మూతపడింది. ఒక పెట్టె, రెండున్నరేళ్ల కూతురు, నేను, అతను ఈ ఇంటికి వచ్చిపడ్డాం. మామయ్యగారు కస్టమ్స్ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. ఓడల మధ్యే బతికినందుకో ఏమో, ఆయన పిచ్చంతా ఒకే రకం పుస్తకాల మీద. తెల్లవాళ్లు కొత్త నేలలు వెతుక్కుంటూ ఓడలెక్కి పోయినప్పుడు దారిలో రాసుకున్న దినచర్యలు, ఆ నేలల మీద మొదట దిగి ఇళ్లూ కంచెలూ వేసుకున్నవాళ్ల దినచర్యలు. అవి తొలిసారి అచ్చయిన ప్రతులే కావాలి. రెండోసారి అచ్చయితే ఆయన దృష్టిలో అది పకోడీల పొట్లానికి పనికొచ్చే కాగితం. నాలుగువందల పైచిలుకు పుస్తకాలు ఇంటి నడిమధ్య గదిలో, అద్దాల బీరువాల్లో ఉండేవి. కిటికీలు తెరవకూడదు. గోడకి ఒక యంత్రం, గాలిలో తేమ ఎంతుందో చెప్పడానికి. ఆ ఇంట్లో పుస్తకాలకి ఒంట్లో బాగుందో లేదో రోజూ చూసేవారు.

వానలు మొదలయ్యేలోగా అంతా మెరవాలి. ఎందుకంటే నగర గ్రంథాలయం వాళ్లు ఆ పుస్తకాలన్నీ తీసుకుని ఒక గదికి ఆయన పేరు పెడతామన్నారు. పెట్టకముందే మామయ్యగారు ఇత్తడి బోర్డు చెక్కించుకున్నారు. పాత పేపర్లో చుట్టి బీరువా వెనక దాచారు. రోజూ ఒకసారి విప్పి, చూసుకుని, మళ్లీ చుట్టేవారు.

నా ముప్ఫై ఒక్క పుస్తకాలకీ పచ్చటి గుడ్డ అట్టలు. లేతాకు పచ్చ కాదు, గడ్డి పచ్చ కాదు, కళ్లు లాగేసే పచ్చ. రోజూ పొద్దున పని ఇది: పుస్తకం దించాలి, మెత్తటి బ్రష్షుతో పై అంచు దులపాలి, పొడిగుడ్డతో అట్ట తుడవాలి. ఎంత తుడిచినా ఆ పచ్చ వస్తూనే ఉండేది, సన్నటి పిండిలా. గుడ్డంతా పచ్చబడేది, నా వేలి ముద్రలు పచ్చబడేవి.

మామయ్యగారు ఆ పచ్చవాటి జోలికొస్తే మాత్రం తెల్లటి తొడుగులు వేసుకునేవారు. ఒకరోజు అడిగాను.

“నాకూ ఒక జత ఇప్పిస్తారా మామయ్యగారూ? పుస్తకాలకి నా చెయ్యి మరకలు అంటుతాయేమోనని...”

“పిచ్చిదానా, తొడుగులు వేసుకుంటే వేళ్లకి కాగితం తెలియదు. చిరుగుతుంది. కడిగి ఆరబెట్టిన చెయ్యే మంచిది. ఈ పనిలో పండినవాళ్లంతా అదే చెప్తారు.”

“మరి మీరు...”

“నాకు చెమట ఎక్కువ.”

తోలు అట్టల పుస్తకాలు తీసినప్పుడు ఆయనకి చెమట పట్టేది కాదు. ఒట్టి చేతులతో తీసేవారు, చూపుడువేలు నాలుకకి అద్దుకుని పేజీ తిప్పేవారు. అది చిన్నప్పటి అలవాటట, మానలేకపోయారట. నేను అదీ చూశాను. చూసి, ‘వి’ పుస్తకాల విలువ అలాంటిదన్నమాట అనుకున్నాను. మనం ఏం నమ్మాలనుకుంటామో దానికి కళ్లు భలే సాయం చేస్తాయి.

నేను భయస్తురాలిని. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే రకం. పది లెక్కపెట్టేలోగా దాని అలికిడి వినిపించకపోతే చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని. దాన్ని పిచ్చుక అనేవాళ్లం. అంత తేలిగ్గా ఉండేది, అంత గోల చేసేది. వేరే గదిలో వదలడానికి మనసొప్పక, పుస్తకాల గదిలోనే బల్లకింద కూర్చోబెట్టుకునేదాన్ని, కాలు చాపితే తగిలేంత దగ్గర్లో. ఆడుకోవడానికి ఏమీ లేదని ఏడుస్తుంటే, నేను తుడిచే పాతగుడ్డ ఒకటి తీసుకుని, ఉండచుట్టి తల చేసి, దారంతో మెడ బిగించి, బొమ్మ చేసిచ్చాను. దానికి పచ్చమ్మ అని పేరు కూడా నేనే పెట్టాను. పిచ్చుక పచ్చమ్మ తల నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ గంటలు గంటలు కూర్చునేది. ఎంత బుద్ధిగా ఉందో అని మురిసిపోయాను.

ఆదివారాలు మామయ్యగారి పాత ఆఫీసు స్నేహితులు ఇద్దరు వచ్చేవారు. ఆ రోజు ఆయన తొడుగులు వేసుకుని పచ్చవాటిలో ఒకటి తీసి, ఇంగ్లీషులో ఒక వాక్యం చదవడం, మన మాటల్లో చెప్పడం. ఒక ఆదివారం నేను టీ పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

“ఈయన నది మలుపులో దిగాడు. గొర్రెలు పెట్టుకున్నాడు. అక్కడి వాళ్లు వచ్చి గొర్రెల్ని ఎత్తుకుపోతున్నారు. ఒక మంగళవారం ఏం చేశాడో రాసుకున్నాడు, వినండి. గొర్రెల ఒంటి పురుగుకి వాడే తెల్లమందు పిండి బస్తాలో కలిపి గుమ్మం బయట పెట్టాను. వాళ్లు నవ్వుతూ తీసుకెళ్లారు. బదులుగా ఒక చిన్న పిల్ల నాకు చేప ఇచ్చింది. బుధవారం. నది ఒడ్డు చాలా నిశ్శబ్దంగా ఉంది. గాలి పడమటి నుంచి.”

“ఎంతమంది పోయారంటావు?” అన్నాడు ఒక స్నేహితుడు.

“వాళ్లకి అంకె వెయ్యలేదు. గొర్రెలకి మాత్రం వేశాడు, నూటపన్నెండు.”

ఇద్దరూ నవ్వారు. మామయ్యగారు పుస్తకాన్ని పసిపిల్లలా ఒళ్లోకి తీసుకున్నారు. “రెండో ముద్రణలో ఈ పేజీ ఎత్తేశారు. ఎవరికో సిగ్గేసింది. అందుకే మొదటిదానికి ఆ గిరాకీ. పిండి పేజీ ఉన్న ప్రతులు లోకంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏమ్మా, టీ చల్లారబెడుతున్నావా?”

ఆ పూట పిచ్చుకకి పాలు పట్టేముందు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఎందుకో తెలీదు. పాలు పాలలాగే ఉన్నాయి.

నెల తిరిగేసరికి పిల్ల తిండి మానేసింది. తరవాత వాంతులు. నోట్లో పుళ్లు. దువ్వెనకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. వీధి చివర పిల్లల డాక్టరు నాలుక చూసి, పొట్ట నొక్కి, నులిపురుగులన్నాడు. సిరప్ రాశాడు. ఇంకో వారానికి ఎండదెబ్బన్నాడు. నా వేళ్ల చివర్లు కూడా పొరలు పొరలుగా లేస్తున్నాయి. కొత్త సబ్బు పడలేదనుకున్నాను.

ఒకరోజు పిచ్చుక పుస్తకాల గదిలో రగ్గు మీద వాంతి చేసుకుంది. మామయ్యగారు వచ్చి నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ అరిచే మనిషి కాదు.

“పుస్తకం మీద పడిందా?”

“లేదు మామయ్యగారూ. రగ్గు మీదే.”

“కన్న పిల్లనే అదుపులో పెట్టుకోలేనిదానివి. నీకా నేను వీటిని అప్పజెప్పింది?”

ఆయన అలా వెళ్లిపోయారు. ఆ ముప్ఫై ఒక్క పుస్తకాలూ నా చేతిలోంచి తీసేసుకుంటారనే భయం, పిల్లకేమైందో అనే భయం కన్నా ముందొచ్చింది. ముందొచ్చిందని ఇప్పుడు రాస్తున్నాను. పిచ్చుక రెండు చేతులూ దగ్గరికి లాగి ఫట్ ఫట్‌మని కొట్టాను.

“దొంగ వేషాలా? తిన్నదంతా కక్కి నాటకాలా? నన్ను ఇంట్లోంచి గెంటిస్తే గానీ నీకు తృప్తి లేదా?”

అది ఏడవలేదు. కాసేపు నా ముఖంలోకి చూసి, పచ్చమ్మని నాకు అందించింది. నేను శాంతించాలని.

దాని వేళ్లు వాచాయేమో చూద్దామని తరవాత వంటింట్లో కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే నిమిరాను. చివర్లు నొక్కినా మెదల్లేదు. మొండి రక్తం, తండ్రిలాగే అనుకున్నాను.

ఆ మర్నాడో, మూడోనాడో మా ఆయన స్నానం చేసి వస్తూ, పిల్ల నోట్లో బొమ్మ చూశాడు. ఒక్క ఊపున లాగేసి, వంటింటి చెత్తబుట్టలో పడేసి, పిల్లని ఎత్తుకెళ్లి కుళాయి కింద చేతులూ నోరూ రుద్ది రుద్ది కడిగాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

“ఏంటండీ మీకు పొయ్యేకాలం! దానికున్నది అదొక్కటే.”

“మురికి” అన్నాడు. అంతే. షర్టు వేసుకుని బయటికి పోయాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, బొమ్మని చెత్తలోంచి తీశాను. సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేసి, మళ్లీ పిల్ల చేతికిచ్చాను.

పుస్తకాలకి వీపులు ఊడితే అతికేది ఒక పెద్దావిడ. ఒంటి నిండా జిగురు వాసన, కళ్లజోడు తాడుతో మెడకి కట్టుకునేది. బైండింగు షాపుల్లో అందరూ ఆవిణ్ణి జిగురమ్మ అనేవాళ్లు. మామయ్యగారు గ్రంథాలయం పనిమీద ఊళ్లోకి వెళ్లిన రోజు ఆవిడ సంచీతో దిగింది.

“ఏమ్మా, కొత్త కోడలివా? పాత పుస్తకాల మధ్యలో తెల్లకాగితంలా ఉన్నావ్. అక్కడక్కడ నలిగావు గానీ!” అని నవ్వుతూ గదిలోకి వచ్చింది. వచ్చినదల్లా ఆగిపోయింది.

నా చేతిలో పచ్చ పుస్తకం ఉంది. బల్లకింద పిచ్చుక నోట్లో పచ్చమ్మ తల ఉంది.

“దించు” అంది.

“ఇవి నేనే చూస్తానండీ, మామయ్యగారు నాకే...”

“దించమన్నానా! ముందు ఆ పిల్ల నోట్లోది లాగు!”

ఆవిడే వంగి లాగేసింది. కిటికీలు తెరిచేసింది. ఆ గదిలో కిటికీ తెరుచుకోవడం నేను చూడ్డం అదే మొదలు. తన సంచీలోంచి రబ్బరు తొడుగులు తీసి వేసుకుని, అట్ట మీద వేలితో గీసి నాకు చూపించింది.

“ఆ రోజుల్లో ఈ పచ్చ ఎలా వచ్చేదో తెలుసా? ఎలకల మందులో వేసేది వేసి గుడ్డకి అద్దేవాళ్లు. నూట యాభై ఏళ్లయినా చావదిది. కాగితానికైతే ఒట్టి చేతులే మంచివి, నేనూ ఒప్పుకుంటా. ఈ అట్టలకి కాదు.”

“కాదండీ, మీరు పొరబడ్డారు” అన్నాను. “ఇవి వి పుస్తకాలు. జాబితాలో ఎర్రగా వేశారు. విలువైనవి.”

జిగురమ్మ నన్ను చూసింది. ఆ చూపులో జాలి లేదు, జాలికి ఇంకా టైము లేనట్టుంది.

“నేనే కదే చెప్పింది మీ మామకి, పోయినేడు! ఆయన చేతులు పొక్కితే నాకు చూపించాడు. నా కళ్లముందే ఎర్రసిరా తీసి వేసుకున్నాడు. పూర్తిగా రాయండి బాబూ, ఇంట్లో వాళ్లకి తెలియాలి కదా అంటే, ‘విషం అని రాస్తే తీసుకునేవాళ్లు పారిపోతారు, వి చాలు, నాకు తెలిస్తే చాలు’ అన్నాడు.”

ఎత్తుకుంటే పిచ్చుక బరువే లేదు.

పెద్దాసుపత్రిలో దాని జుట్టు కత్తిరించి, గోళ్లు కత్తిరించి పరీక్షకి పంపారు. నావి కూడా. మూడు రోజుల తరవాత డాక్టరమ్మ కాగితం చూస్తూ మాట్లాడింది. కడుపు కుదుటపడుతుంది, జుట్టు వస్తుంది. వేళ్ల చివర నరాలు మాత్రం... “చిన్నపిల్ల కదా, వస్తే రావచ్చు. రాకపోవచ్చు కూడా.” ఆవిడ ఒక సూది తీసి పిచ్చుక చూపుడువేలికి గుచ్చింది. చిన్న ఎర్రచుక్క వచ్చింది. పిచ్చుక ఆ చుక్కని చూసి “పండు” అంది.

మా ఆయన వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను.

“మీకు తెలుసు కదూ.”

“నాన్న చేతులు పొక్కినప్పుడు తెలిసింది. అందుకే కదా ఆ బొమ్మ పారేశాను” అన్నాడు.

“ఒక్కమాట చెప్పొచ్చుగా.”

“చెప్తే నువ్వు ముట్టనంటావు. నువ్వు ముట్టనంటే ఆయన మనల్ని పొమ్మంటాడు. ఎక్కడికి పోతాం? రోజుకి గంటే కదా, చేతులు కడుక్కుంటుంది కదా అనుకున్నాను.” ఇంకా ఏదో చెప్పబోయి, “గదికి పేరు పడితే ఇల్లు నా పేర రాస్తానన్నాడు” అన్నాడు. “నాన్నకి నీకు తెలిసిపోయిందని చెప్పకు. వానలు పడేదాకా ఓర్చుకో.”

“సరే” అన్నాను.

పిచ్చుకని జిగురమ్మ షాపులో వదిలి, నేను ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను.

“తగ్గిందా పిల్లకి?” అన్నారు మామయ్యగారు పేపరు మడుస్తూ.

“తగ్గుతుందన్నారు. పురుగులట. కొన్నాళ్లు తెలిసినవాళ్ల దగ్గర ఉంచాను.”

“మంచి పని చేశావు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. తుడవడం చాల్లే ఇంక, వేరే పనుంది. నీ చేతిరాత బాగుంటుందని మీ ఆయన అన్నాడు. గ్రంథాలయం వాళ్లకి ఈ జాబితా చక్కగా తిరగరాసివ్వాలి. నా గుర్తులన్నీ విప్పి, పూర్తి మాటల్లో రాయి. ‘మొ’ అని కాదు, మొదటి ముద్రణ అని. అర్థమైందా?”

“అయింది. మరి ‘వి’ దగ్గర ఏం రాయమంటారు మామయ్యగారూ?”

ఆయన పేపరు చాటు నుంచే అన్నారు. “నీకు తెలుసుగా.”

“తెలుసు మామయ్యగారూ.”

మూడు మధ్యాహ్నాలు రాశాను. బళ్లో పంతులమ్మ నేర్పినట్టు, ప్రతి అక్షరం గీత మీద కూర్చునేలా. మొదటి పేజీల్లో అన్నీ తోలు అట్టల పాత పుస్తకాలే. నల్లసిరాతోనే రాశాను. ఎర్రసిరా ఆయన బల్ల సొరుగులో ఉంది, దాన్ని అడగలేదు. ఆయన మొదటి రెండు పేజీలు, వేలు తడుపుకుంటూ తిప్పి చూశారు.

“ముత్యాలు! ఇంత రాత పెట్టుకుని చదువెందుకు మానేశావే?” అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం కూడా నిజమే.

తొలివాన పడిన మర్నాడు గ్రంథాలయం అధికారి ఇద్దరు సహాయకులతో వచ్చాడు. ఆదివారం స్నేహితులిద్దరూ వచ్చారు. ఇత్తడి బోర్డుని బల్లమీద గోడకి ఆనించి నిలబెట్టారు. మామయ్యగారు కోటు వేసుకున్నారు. మా ఆయన కుర్చీలు సర్దాడు. అధికారి కూర్చుని జాబితా చదవడం మొదలుపెట్టాడు, ఒక్కొక్కటి పైకి చదువుతూ. సహాయకుడు పుస్తకం తీసి చూపించడం, అతను తల ఊపడం. తోలు అట్టలు అయిపోయాయి.

“మొదటి ముద్రణ. గుడ్డ అట్ట, పచ్చ. పటం ఉంది.” అతను ఆగాడు. “విషం.”

సహాయకుడి చెయ్యి బీరువా తలుపు మీదే ఆగిపోయింది.

అధికారి వేలితో కిందికి గీసుకుంటూ పోయాడు. “గుడ్డ అట్ట, పచ్చ, విషం. గుడ్డ అట్ట, పచ్చ, విషం. ఇది... ఎవరు రాశారండీ?”

మామయ్యగారి ముఖం ఒక్క క్షణం ఖాళీ అయింది. తరవాత గట్టిగా నవ్వారు. “మా కోడలు! ఎనిమిదో తరగతి కూడా గట్టెక్కలేదు పాపం. నేను ‘వి’ అని వేసుకుంటే తనకి తోచింది రాసింది. వి అంటే విలువైనది బాబూ! అంతే కదమ్మా?”

అందరూ నావైపు తిరిగారు.

“మామయ్యగారు చెప్తే అంతే అనుకోవాలండి” అన్నాను. “నాకేం తెలుసు. మామయ్యగారూ, ఆ పిండి పేజీ ఒకసారి చదివి వినిపించండి. వీళ్లు వినలేదు. మీకు ఇష్టమైన పేజీ.”

“అవునవును, చదవండి” అన్నాడు అధికారి, కాస్త ఊపిరి తీసుకుని.

మామయ్యగారు లేచి బీరువా దగ్గరికి నడిచారు. చెయ్యి కోటు జేబులోకి వెళ్లింది. అక్కడ ఆగింది. ఏడుగురం ఆ జేబు కేసే చూస్తున్నాం. చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

ఒట్టి చేతులతో ఆయన ఆ పుస్తకం తీశారు. రెండు అరచేతుల్లో పట్టుకుని తెరిచారు. పేజీలు అతుక్కున్నాయి. చూపుడువేలు, అరవై ఏళ్ల అలవాటు, దానంతటదే పైకి లేచి నాలుకని తాకింది. పేజీ తిప్పింది. మళ్లీ లేచింది. వేలి చివర పచ్చగా ఉండటం నాకు నేను నిలబడ్డ చోటికి కనిపించింది. మా ఆయనకీ కనిపించింది. అతను ఒక అడుగు ముందుకి వేశాడు. నేను అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నంతలోనే ఆగిపోయాడు.

ఆయన మంగళవారం చదివారు. చేప ఇచ్చిన పిల్ల గురించి చదివారు. బుధవారం చదివారు. గాలి పడమటి నుంచి.

ఎవరూ నవ్వలేదు. అధికారి జాబితా మూసి, లేచి, రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. చాలా మర్యాదగా అడిగాడు.

“బాబుగారూ, అన్నీ విలువైనవే అయితే, మీరు జేబులో చెయ్యి దేనికోసం పెట్టారు?”

ఆ సాయంత్రానికి జేబులో తొడుగుల జత సహా అందరికీ అన్నీ తెలిసిపోయాయి. గ్రంథాలయం వాళ్లు ఒక్క పుస్తకం తీసుకోలేదు. ఒకే గదిలో ఇన్నేళ్లు ఉన్నవి, తోలువి కూడా వద్దన్నారు. మామయ్యగారు పది రోజులు మంచం దిగలేదు. కడుపులో తిప్పట, నోరంతా పూతట. ఒకసారి లోపలికి పోయినదానికే ఇంతగా ఉండదు, ఇది మనోవ్యాధి అన్నాడు వీధి చివర డాక్టరు. అతను చెప్పేవి నేను ఎప్పుడో నమ్మడం మానేశాను.

ఒకరోజు గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లి గుమ్మం దగ్గర పెట్టాను. ఆయన గ్లాసుని చూశారు, నన్ను చూశారు. తాగలేదు. మా ఆయన వచ్చి అందులోంచి ఒక గుక్క తాగి చూపిస్తే అప్పుడు తాగారు. అవి ఒట్టి నీళ్లే. కానీ నేను ఆ మాట చెప్పలేదు. తరవాత కూడా రోజూ నేనే పెట్టాను, రోజూ గుమ్మం దగ్గరే, కొడుకు వచ్చేదాకా ఆయన దాహంతో ఆ గ్లాసుని చూస్తూ ఉండేలా.

వానలు తెరిపివ్వకముందే నేను ఆ ఇంట్లోంచి వచ్చేశాను. మా ఆయన ఇల్లు వదిలి రాలేకపోయాడు. అది అతని పేర పడిందో లేదో అడగలేదు.

ఇప్పుడు జిగురమ్మ షాపులో పుస్తకాలకి వీపులు అతుకుతాను. పిచ్చుకకి ఆరేళ్లు. జుట్టు ఒత్తుగా వచ్చింది, తిండి తింటుంది, గోల ఎప్పటిలాగే. నిన్న షాపులో బల్ల దగ్గర కూర్చోబెట్టి దాని చేత గుణింతం రాయిస్తున్నాను. వ, వా. పెన్సిలుని దాని వేళ్ల మధ్య నేనే సర్ది పెట్టాలి.

“వకి గుడిస్తే?”

“వి!” అంది గట్టిగా. “వి అంటే ఏంటమ్మా?”

అది నా ముఖంలోకే చూస్తూ, జవాబు కోసం నవ్వుతూ, రాస్తూనే ఉంది. పెన్సిలు ఎప్పుడో జారి బల్ల అంచుదాకా దొర్లి ఆగింది. దానికి తెలియలేదు. ఖాళీ వేళ్లతో కాగితం మీద గుండ్రంగా, శ్రద్ధగా, వకి గుడి కడుతూనే ఉంది.